పట్టుకుచ్చు జెముడు

మా తమ్ముడు నీళ్ల మోటర్లు బాగుచేసేవాడు. సిద్దిపేటలో కరీంనగర్ రోడ్డు మీద, రేకుల షెడ్డులో వాడి దుకాణం. ఎండాకాలం వచ్చిందంటే కొండపాక నుంచి, నంగునూరు నుంచి రైతులు కాలిపోయిన మోటర్లను ట్రాలీ ఆటోల్లో వేసుకొచ్చి గుమ్మం ముందు దించేవాళ్లు. మాడిన తీగంతా పెరికేసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పూసి ఇవ్వడం వాడి పని. అన్నం తినే ముందు ఎంత సబ్బు రుద్దినా చేతుల నుంచి వార్నిష్ వాసన పోయేది కాదు. నాన్న పోయినప్పుడు వాడింకా బడికి పోతున్నాడు. చదువు మానేసి ఆ పనిలో చేరాడు. నాకు అదే ఊళ్లో, రెండు వీధుల అవతల పెళ్లి చేశారు. ఇంట్లో అమ్మ, వాడు మిగిలారు.

ఒక ఎండాకాలం సాయంత్రం నేను జాకెట్లు కుట్టడం ముగించి అమ్మ దగ్గరికి వెళ్లేసరికి, తమ్ముడు వాకిట్లో బండి ఆపి, వెనక కట్టిన గోనెసంచిని మెల్లగా విప్పుతున్నాడు. అందులో నుంచి మోటరు కాదు, ఒక జెముడు బయటపడింది. కింద జానెడు మామూలు కాండం, దాని మీద విసనకర్రలా పరుచుకున్న ఆకుపచ్చని ముద్ద. ఆ ముద్ద అంచు పొడుగునా మడతలు మడతలుగా వంకర్లు తిరిగి ఉంది. అంతటా ముళ్లు.

"ముండ్ల చెట్టు ఇంట్లకు తెస్తరారా ఎవలన్న?" అంది అమ్మ.

"ఇంట్ల గాదమ్మా, మిద్దె మీద వెడ్త. ముండ్లు జూడకు, తలకాయ జూడు. పట్టుకుచ్చు పువ్వు లెక్క లేదూ?"

నిజమే. బతుకమ్మలో పెట్టే పట్టుకుచ్చు పువ్వును ఆకుపచ్చగా, అరచేయంత చేసి నిలబెట్టినట్టే ఉంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు పట్టుకుచ్చు జెముడు.

కొండపాక దగ్గర ఒక బావి కాడ మోటరు దించడానికి పోయినప్పుడు కనిపించిందట. పొలం గేటు పక్కన నిలువునా పెరిగిన జెముళ్ల వరసలో ఒకదాని తల మాత్రం ఇలా అయిందట. అడిగితే ఆ రైతు నవ్వి, "గీ ముండ్లదాన్ని వట్కపోయి ఏంజేస్తవ్ తమ్మీ?" అంటూ తనే కొడవలితో కోసి ఇచ్చాడట.

తెచ్చినవాడు వెంటనే నాటలేదు. కోసిన చోట పసుపు అద్ది, మెట్ల కింద నీడలో పడుకోబెట్టాడు. రెండు మూడు వారాలకు ఆ గాయం ఎండి గట్టిపడ్డాక, ఇటుక ముక్కలూ ఇసుకా, కొంచెం పశువుల ఎరువూ కలిపిన సిమెంటు కుండీలో నిలబెట్టాడు. నీళ్లు మాత్రం పోయలేదు. "ఎండిపోతది గదరా" అంటే, "ఇది నీళ్లు లేక చావది అక్కా. నీళ్లెక్కువై చస్తది" అన్నాడు. ఫోన్లో ఎక్కడెక్కడివో వీడియోలు చూసి నేర్చుకునేవాడు. ఆ తల ఎందుకలా అయిందని అడిగాను.

"మామూలుగైతే చెట్టుకు పెరిగే కొన ఒక్కటే ఉంటది. దీనికి ఆ కొన గీత లెక్క సాగింది. అందుకని పైకి పోక అడ్డం పెరుగుతుంది. పురుగు కొరికిందో, ఎండదెబ్బనో, ఎందుకైతదో ఎవలికి సరిగ్గ తెల్వదట."

అది చాలా మెల్లగా పెరిగేది. ఏడాదికి ఒక కొత్త మడత కనిపిస్తే గొప్ప. వాడు మాత్రం దుకాణం నుంచి రాగానే చెప్పులైనా విడవకుండా మిద్దె ఎక్కి చూసి వచ్చేవాడు. వానాకాలం తడవకుండా దాని పైన రేకు కప్పేవాడు. పెళ్లయి మా మరదలు ఇంటికొచ్చిన రెండో రోజే తీసుకుపోయి చూపించాడు. కిందికి దిగుతూ ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం నాకు గుర్తుంది. "ఏందే?" అంటే, "ఏమన్న నగ చూపిస్తడేమో అనుకున్న వదినె" అంది.

మరదలు ఒక చిన్న ప్రైవేటు బడిలో ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. వాడు వాగుడుకాయ. సాయంత్రం వాడు మిద్దె మీద మాట్లాడుతూ ఉంటే, తను కాపీ పుస్తకాలు దిద్దుతూ ఊఁ కొట్టేది. అలా రెండేళ్లు గడిచాయి. పిల్లలు ఇంకా కాలేదు. అమ్మ ఒకసారి అడిగితే, "తొందరేందమ్మా, దుకాణం పక్కా స్లాబు ఏసినంక" అన్నాడు.

మూడో ఏడు వానాకాలం చివర వాడికి జ్వరం వచ్చింది. ఒళ్లు నొప్పులంటూ గోలీ వేసుకుని మరో రెండు రోజులు దుకాణానికి పోయాడు. ఆ తర్వాత లేవలేకపోయాడు. డెంగీ అన్నారు. ఇక్కడి దవాఖాన నుంచి హైదరాబాదుకు తీసుకుపోయారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయంటే నా భర్త, దుకాణం పక్కవాళ్లు రక్తం ఇవ్వడానికి వరసగా పోయారు. నేను అమ్మ దగ్గర ఉన్నాను. ఒక మధ్యాహ్నం వాడే ఫోన్ చేశాడు. గొంతు బాగానే ఉంది.

"అక్కా, గాడ వాన వడ్తుందా?"

"పడ్తుందిరా."

"చెట్టు మీద రేకు జరిగిందేమో ఒకసారి జూడు. నీళ్లు వడితె కుళ్లుతది."

నాకు కోపమొచ్చింది. నీ పానం సంగతి జూస్కోరా ముందు అన్నాను. మిద్దె ఎక్కి రేకు సర్ది, రాయి పెట్టాను. మర్నాడు కడుపులో నీరు చేరిందన్నారు. ఆ మర్నాడు వాడు లేడు.

మనిషిని తెచ్చారు, తీసుకుపోయారు. అంతకంటే ఆ రోజు గురించి రాయలేను. అమ్మ ఏడవలేదు. వచ్చినవాళ్లందరూ ఏడుస్తుంటే, వాళ్లకు కూర్చోవడానికి చాపలున్నాయో లేవో చూస్తూ తిరిగింది. దినాలు ముగిసేసరికి బతుకమ్మ పండుగ మొదలైంది. మా వీధి చివర ఆడవాళ్లు పాటలు పాడుతుంటే మరదలు తలుపు వేసుకుని లోపల కూర్చుంది. ఎవరూ పిలవలేదు. పిలిచినా ఏమని పోతుంది?

పండుగ వెళ్లిన తర్వాత ఒక పొద్దున నేను వెళ్లేసరికి అమ్మ కింద లేదు. మిద్దె మీద నుంచి ఏదో ఈడుస్తున్న చప్పుడు. పరిగెత్తాను. నా వెనకే మరదలు. అమ్మ ఆ సిమెంటు కుండీని పిట్టగోడ దాకా ఈడ్చింది. ఎత్తి కిందికి తోసేద్దామని ఒట్టి చేతులతో చెట్టునే వాటేసుకున్నట్టుంది. ఎత్తలేక కూలబడి ఉంది. రెండు అరచేతుల్లో, ముంజేతుల మీద ముళ్లు దిగి ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల నెత్తురు.

"గిదే తిన్నది నా కొడుకును. తెచ్చిన్నాడే చెప్పిన. ఇంట్ల ముండ్ల చెట్టు వద్దని చెప్పిన."

నేనూ మరదలూ చెరోవైపు కూర్చుని అమ్మ చేతుల్లో ముళ్లు తీశాం. పిన్నీసుతో నేను, గోళ్లతో తను. అప్పుడు మరదలు తల ఎత్తకుండానే అంది:

"నన్ను గూడ గట్లనే అంటున్నరు అత్తమ్మా, బయట."

అమ్మ చేయి వెనక్కి లాక్కుంది. మరదలి ముఖంలోకి చూసింది. ఆ తర్వాత, వాడు పోయిన ఇన్నాళ్లకు, అమ్మ ఏడ్చింది. ముళ్లు దిగిన ఆ చేతులతోనే కోడల్ని దగ్గరికి లాక్కుని గొంతు పగిలేలా ఏడ్చింది. పక్కింటి మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ బకెట్ అక్కడే వదిలి కిందికి వెళ్లిపోయింది.

చెట్టును మేమే మళ్లీ దాని చోటికి జరిపాం. అమ్మ ఆ తర్వాత దాని గురించి పల్లెత్తు మాట అనలేదు. ప్రేమగా చూసిందని కూడా చెప్పను. మిద్దె ఎక్కినప్పుడు దాని వైపు తిరగకుండా వడియాలు పెట్టుకుని వచ్చేది.

చెట్టు పని నాకూ మరదలికీ పడింది. మా ఇద్దరికీ దాని గురించి తెలిసింది తక్కువ. వాడు చేస్తుండగా కంటితో చూసిందే. ఎప్పుడు నీళ్లు పోయాలో తెలియక మట్టిలోకి పుల్ల గుచ్చి, తడి అంటుతుందా లేదా అని చూసేవాళ్లం. ఆ చలికాలం మడతల సందుల్లో తెల్లగా దూది అంటుకున్నట్టు కనిపించింది. నా భర్త చూసి, "గది పిండినల్లి. పత్తికి గూడ వస్తది" అన్నాడు. వేపనూనెలో సబ్బునీళ్లు కలిపి, చెవుల్లో పెట్టుకునే దూదిపుల్లలతో ఒక్కో మడతా తుడిచాం. ఆదివారం పొద్దుననగా కూర్చుంటే ఎండ ఎక్కేసరికి సగం అయ్యేది. మరదలు కొంచెం కొంచెంగా మాట్లాడడం మొదలుపెట్టింది అప్పుడే. బడిలో పిల్లల సంగతులు, తన చిన్ననాటివి, వాడు తనతో మాత్రమే అన్న మాటలు. వాడు రాత్రి పడుకునే ముందు పాత మోటర్ల మీద ఉండే పేర్లన్నీ వరసగా చెప్పేవాడట, నిద్ర పట్టడానికి. తమ్ముడి గురించి నాకు తెలియని సంగతి ఒకటి ఇంకొకరి నోట వినడం అంత బాగుంటుందని నేను అనుకోలేదు. ఆ ఆదివారాల కోసం ఎదురుచూసేదాన్ని.

ఎండాకాలంలో ఆ మడతల అంచు నుంచి ఒక కొమ్మ వచ్చింది. వంకర్లేమీ లేకుండా నిలువుగా, తిన్నగా, మామూలు జెముడులాగే. వాడుంటే చూసిన వెంటనే కోసేసేవాడు. అలాంటి కొమ్మను వదిలేస్తే బలమంతా అదే లాగేసుకుంటుంది. ఏడాది రెండేళ్లలో తల ఉండదు, మామూలు చెట్టే మిగులుతుంది అనేవాడు. నేను కత్తి తెచ్చాను. మరదలు నా చేయి పట్టుకుంది.

"సక్కగనే పెరుగుతుంది గద వదినె, ఎందుకు కొయ్యాలె?"

"వాడు కోసేటోడు."

తను చేయి వదిలేసింది. నేను కోశాను. కోసిన చోట పాలలాంటిదేమీ రాలేదు, కొంచెం నీరు ఊరింది. తను పసుపు అద్దింది.

మరుసటి ఏడు మరదలి అన్న వచ్చాడు. చాప మీద కూర్చుని చాలాసేపు పొలాల గురించి, నీళ్ల గురించి మాట్లాడాడు. చివరికి అసలు మాట బయటపెట్టాడు. కరీంనగర్‌లో ఒకతను ఉన్నాడు, భార్య పోయింది, పిల్లల్లేరు, కరెంటు ఆఫీసులో పని, మంచివాళ్లు. "మీరు వద్దంటె ఇగ ఆ మాటే ఎత్తం" అన్నాడు. చెప్తున్నంతసేపూ నేల వైపే చూశాడు.

మరదలు వంటింట్లో ఉంది. గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

అతను టీ తాగి వెళ్లిపోయాడు. తర్వాత చాలా రోజులు ఆ మాట ఇంట్లో అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోకుండా. నా సంగతి చెప్పాలంటే, ఆ పిల్లకు మళ్లీ లగ్గం కావాలనే అనుకున్నాను. ఇరవై ఏడేళ్ల పిల్ల జీవితమంతా మా మిద్దె మీద వేపనూనె రుద్దుతూ గడపాలని ఎవరు కోరుకుంటారు? కానీ కుట్టుమిషన్ ముందు కూర్చున్నప్పుడు, తను పోతే ఆదివారం నేనెవరి దగ్గరికి పోవాలి అనిపించి కళ్లు మసకబారేవి. వాడు మాట్లాడిన మాటలు తన దగ్గర ఉన్నాయి. తనతో పాటు అవి కూడా పోతాయి.

చివరికి అమ్మే అంది. మేం ముగ్గురం కూర్చుని అన్నం తింటున్నాం.

"బిడ్డా, నీ ఈడెంత. నేను నీ ఈడుకు ఇద్దరు పిల్లలను ఎత్తుకున్న. మీ అన్నకు ఫోన్ జెయ్యి."

మరదలు తినడం ఆపింది. "నన్ను పొమ్మంటున్నవా అత్తమ్మా?"

"పొమ్మంటలేను. ఉండుమని అడిగే మొఖం నాకు లేదు."

లగ్గం ఎండాకాలం మొదట్లో ఖాయమైంది. ఒక ఆదివారం మిద్దె మీద తను చాలాసేపు తటపటాయించి అడిగింది.

"వదినె, చెట్టును నేను తీస్కపోతనా?"

నేను మట్టిలోకి గుచ్చిన పుల్ల బయటికి తీసి చూశాను. తనే మళ్లీ అంది:

"ఆయనకు చెప్పిన. ఎవలిదో, ఏందో అంత చెప్పిన. 'చెట్టే గద, తెచ్చుకో' అన్నడు. కని అత్తమ్మను అడుగుడు నాతోని గాదు."

నేను అడిగాను. అమ్మ ముందు ఒక్క మాటే అంది, "అది నా కొడుకుది." నేను లేచి వస్తుంటే, "సగం కొయ్యరాదా?" అంది.

అలాంటి తలను నిలువునా రెండుగా కోయొచ్చని వాడు ఎప్పుడో అన్నాడు, కానీ కోసి చూపించలేదు. వీడియోలు చూశాం. కూరగాయల కత్తిని స్పిరిట్‌తో తుడిచి, ముళ్లు గుచ్చుకోకుండా పాత దుప్పటి చుట్టి మరదలు పట్టుకుంది. నేను కోశాను. లోపల కీరదోసకాయలా లేత ఆకుపచ్చగా, తడితడిగా ఉంది. మధ్యలో కొంచెం గట్టి నార. అది తెగేటప్పుడు కరకరమన్న చప్పుడుకు ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వేరు ఉన్న సగం కుండీలోనే ఉండిపోయింది. రెండో సగం తనది. రెండింటికీ పసుపు పట్టించాం. తన సగాన్ని మెట్ల కింద నీడలో ఆరబెట్టాం.

మేం ఆ లగ్గానికి పోలేదు, పోయే వరస కాదు మాది. ముందు రోజు తన అన్న కారు తెచ్చాడు. బట్టల పెట్టె, ఒక గిన్నెల మూట, పాత చీరలో చుట్టిన చెట్టు ముక్క. అమ్మ లోపలి నుంచి కుంకుమ భరిణె తెచ్చి, తన వేలితో కోడలి నుదుట బొట్టు పెట్టింది. బొట్టు కొంచెం పక్కకు పోయింది. మరదలు దాన్ని సరిచేసుకోలేదు. అలాగే కారెక్కింది.

మా సగం బతకలేదు. కోసిన చోటు ఇంకా సరిగా గట్టిపడకముందే ఒక మధ్యాహ్నం గాలిదుమారం, వడగళ్ల వాన. రేకు ఎగిరిపోయి పక్క సందులో పడింది. నేను వెళ్లేసరికి కుండీ నిండా నీళ్లు. వారం తిరిగేసరికి కోసిన అంచు పసుపుపచ్చగా మారి, తర్వాత గోధుమరంగుకు తిరిగింది. కుళ్లిన మేరకు కోశాను. కిందికి పాకింది. మళ్లీ కోశాను. చివరికి పిడికెడు మిగిలింది, అదీ మెత్తబడింది. వేలితో నొక్కితే లోపలికి పోయింది. ఎత్తి పారేసేటప్పుడు ముళ్లు మాత్రం ఎప్పటిలాగే గట్టిగా ఉన్నాయి. అమ్మకు చెప్తే, "పోనీ తియ్" అంది. ఆ పూట అన్నం తినలేదు.

మరదలికి వెంటనే చెప్పలేకపోయాను. తనే ఫోన్లో ఫొటో పంపింది, తన సగం వేరు పట్టిందని. అప్పుడు ఫోన్ చేసి చెప్పాను. "నేను గింత కోసి తెస్త వదినె" అంది. పక్కనే వింటున్న అమ్మ చేయి ఊపి వద్దంది. "మళ్ల కోస్తె అది గూడ పోతది. ఆడనే ఉండనీ."

మొదట్లో వారానికి ఒకసారి ఫోన్ చేసేది. తర్వాత నెలకు. తర్వాత పండుగలకు. అందులో తన తప్పేమీ లేదు, నేను కూడా తక్కువే చేశాను. ఏం మాట్లాడాలో తోచేది కాదు.

మొన్న కరీంనగర్‌లో మా ఆడబిడ్డ వాళ్లింట్లో ఫంక్షన్ అయితే, అక్కడి నుంచి ఒక గంట తన ఇంటికి వెళ్లొచ్చాను. కొత్త ఇల్లు, మూడో అంతస్తు. అతను నెమ్మదైన మనిషి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తనే టీ పెట్టాడు. బాల్కనీలో చెట్టు ఉంది. బాగా పెరిగింది, రెండు కొత్త మడతలు వచ్చాయి. కుండీ కింద ఇనుప స్టాండు చేయించాడట. "ఆమెకు వంగుడు కష్టమైతుందని ఇప్పుడు నేనే జూస్తున్న అక్కా" అన్నాడు. నేను అప్పుడే మరదలి వైపు సరిగ్గా చూశాను. చున్నీ కింద కడుపు కనిపించింది. తను చూపు తిప్పుకుని, సిగ్గుపడి, ఆ వెంటనే నా ముఖంలోకి చూసింది, ఏమనుకుంటానో అన్నట్టు. నేను నవ్వాను. నవ్వడం కష్టం కాలేదు. తర్వాతే కష్టమైంది.

పక్క పోర్షన్ ఆవిడ ఏదో గిన్నె ఇవ్వడానికి వచ్చి, నన్ను చూసి ఎవరని అడిగింది.

"మా అక్క" అంది తను. "సిద్దిపేట నుంచి వచ్చింది."

వదినె అంటే ఏ వరసన వదినె అని అడుగుతారు. అక్క అయితే ఎవరూ ఏమీ అడగరు. తను అన్నది సరైన మాటే. బస్సు సిద్దిపేట చేరేదాకా నేను ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఎట్లున్నది?" అంది.

"మంచిగున్నది."

ఇంకొన్ని కాయలు ఒలిచింది. ఒలిచిన ఈనెలను పక్కకు తోసింది.

"కడుపుతోని ఉన్నదా?"

అమ్మకు ఎలా తెలిసిందో నేను అడగలేదు. అవునన్నాను. ఐదో నెల అన్నాను. అమ్మ చేటను ఒళ్లోకి తీసుకుని, చేతిలో కాయ చేతిలోనే ఉండగా వీధి వైపు చూస్తూ కూర్చుంది. ఆ కాయ ఈనె కూడా తీసి, "నూలు బట్టలు కుట్టు, మెత్తటివి. పోయేటోళ్లెవలన్న ఉంటె పంపుదాం" అంది. నేను లోపలికి వెళ్లి, ఏ పాత చీర అయితే బాగా మెత్తబడిందో పెట్టెలో వెతకడం మొదలుపెట్టాను.